ర్యాకుల వెనక సముద్రం

నేను ఒక సముద్రపు దొంగల నవలను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గంతా మా అన్నయ్యకే. ఇద్దరమూ ఒకే ప్రెస్సులో, ఒకే వారంలో, ఒకే తానులోంచి కత్తిరించిన ఎర్రగుడ్డ బైండింగు చుట్టుకుని పుట్టాం. ఆయన, ఉత్తమ గృహస్థుడు ఎలా మసలుకోవాలో చెప్పే పుస్తకం. పొద్దున ఎన్నింటికి లేవాలి, బంధువులతో ఎంతవరకు మాట్లాడాలి, చెప్పులు ఎటువైపు విడవాలి, అన్నీ ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళయినా ఆయన కాగితం నలగలేదు, ఒక్క మూలా మడత పడలేదు. నేను కనబడినప్పుడల్లా "ఎలా తయారయ్యావో చూసుకో" అంటాడు. ఎవరూ ముట్టుకోకపోతే నేనూ అలాగే ఉండేదాన్నని ఆయన ముఖం మీద చెప్పడం బాగుండదు. పెద్దవాడు.

నేను పుట్టింది బెజవాడలో. నన్ను ఇంగ్లీషులోంచి తెలుగు చేసినాయన ట్యూషన్లు చెప్పుకునే మనిషి. సముద్రం చూడలేదు. పంటు మీద కృష్ణ దాటడమే ఆయన చేసిన ఓడ ప్రయాణం. అసలు కథలో ఓడ తాళ్ళకు రకానికొక పేరు ఉందట. ఆయన అన్నిటినీ "తాడు" అనేశాడు. అందువల్ల నా కథలో తుఫాను వచ్చినా, తిరుగుబాటు వచ్చినా, పెళ్ళి కుదిరినా ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి తాడు లాగుతుంటారు. పాఠకులు దీన్ని ఎన్నడూ తప్పుపట్టలేదు. ఓడంటే అంతేననుకున్నారు. ఇక నా కథానాయకుడు. కన్ను పోయిన దొంగలు, కాలు పోయిన దొంగలు అప్పటికే లోకంలో చాలామంది ఉన్నారు కాబట్టి మావాడికి చెవి పోయింది. నా పేరే "ఒంటిచెవి కెప్టెన్". అట్ట మీద బొమ్మ వేసినాయన లేని చెవిని ఎలా గీయాలో తోచక తలపాగా చుట్టేశాడు. కెప్టెన్ భుజం మీది చిలక, చిలకజోస్యం వాళ్ళ కరపత్రానికి చేయించగా మిగిలిపోయిన అచ్చు బ్లాకు. ఇన్ని అతుకులతో బయటికి వచ్చిన నన్ను చూసి ప్రెస్సు యజమాని నిట్టూర్చాడు. ఆశలన్నీ మా అన్నయ్య మీదే పెట్టుకున్నాడు.

నన్ను మొదట కొన్నది డేవిడ్ రత్నం అనే గూడ్సు గార్డు. గూడ్సు బండి ఒకసారి లూప్ లైనులో ఆగిందంటే మళ్ళీ ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకూ తెలియదు, గార్డుకూ తెలియదు. చుట్టూ బండరాళ్ళు, ఎండ, దూరంగా నాలుగు మేకలు. ఆ కదలని బండిలో కూర్చుని ఆయన కదిలే ఓడ గురించి చదువుకునేవాడు. నా ఓడకు గాలి పడిపోయిన పేజీ వస్తే చిరాకుపడి నాలుగు పేజీలు దాటేసేవాడు. ఆగి ఉండడం గురించి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త ఇలాంటి పుస్తకాలు చదివి పాడైపోతున్నాడని ఆయన భార్య మా అన్నయ్యను కొనుక్కొచ్చి ఆయన పెట్టెలో పెట్టింది. ఆయన మా అన్నయ్య మీద టీ గ్లాసు పెట్టుకుని నన్ను చదివేవాడు. రిటైరయ్యాక కూతురి దగ్గరికి వెళ్తూ ట్రంకు పెట్టెడు పుస్తకాలు ఒక గ్రంథాలయానికి ఇచ్చేశాడు. అలా మేమిద్దరం అనంతపురం జిల్లాలో ఒక చిన్న టౌనుకు చేరాం.

ఆ ఊళ్ళో నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, అదీ దాని ఇష్టం వచ్చినప్పుడు. వర్షం గురించి అక్కడివాళ్ళు ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయిన బంధువు గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. ఇక్కడ నన్ను ఎవరు చదువుతారనుకున్నాను. పొరపాటు.

సుంకమ్మ అని ఒక ఇల్లాలు ఉంది. ట్యాంకరు కోసం బిందెను వరుసలో పెట్టి గ్రంథాలయంలోకి వచ్చి, సముద్రం మీదికి వెళ్ళిపోయేది. ట్యాంకరు హారన్ వినబడేసరికి నన్ను మూయాలి. ఇంటికి తీసుకెళ్దామంటే, నడివయసు ఆడమనిషి సముద్రపు దొంగల కథలు చదువుతోందని ఇంట్లో పెద్ద చర్చ అవుతుంది. ఇక్కడే వదిలేద్దామంటే ఇంకెవరైనా తీసుకుపోతారు. అటూ ఇటూ చూసి నన్ను న్యాయశాస్త్రం ర్యాకులో, లావుపాటి చట్టాల వెనక దోపేసింది. నాలాంటి కథలన్నిటిలో ఇదే పని కదా చేస్తారు, నిధి దొరికితే పాతిపెట్టడం.

మర్నాడు బస్సు కండక్టరు మహబూబ్ పీరా, రెండు ట్రిప్పుల మధ్య దొరికిన ఖాళీలో నన్ను వెతికి పట్టుకున్నాడు. చదివాడు. వెళ్తూ వ్యవసాయ నివేదికల వెనక పాతిపెట్టాడు. అక్కడినుంచి నన్ను తవ్వి తీసింది చౌడప్ప అనే పట్టుచీరల నేతగాడు. మగ్గం మీద నడుం పట్టేస్తే వచ్చేవాడు. ఆయన నన్ను పాత పత్రికల కట్టల కింద పడుకోబెట్టి వెళ్ళాడు. ఇలా మొదలై ఇది ఏళ్ళ తరబడి సాగింది. ఒకరు వచ్చే వేళకు ఇంకొకరు ఉండరు. ఎవరు పాతిపెట్టారో తవ్వినవాళ్ళకు తెలియదు. నాకు కేటాయించిన చోట నేను ఒక్కరోజు కూర్చోలేదు. మధ్యాహ్నం భూగోళం, సాయంత్రం హోమియోపతి. అంతమంది న్యాయశాస్త్రం ర్యాకు ముందు తచ్చాడుతుంటే ఊళ్ళో అందరికీ కోర్టు కేసులున్నాయని అనుకునేవాడట గ్రంథాలయం సెక్రటరీ.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నాలో దొంగలు ఎంత మంది ఉన్నా, నా పాఠకుల్లో ఒక్కరు లేరు. ఎక్కడిదాకా చదివారో గుర్తుకు సుంకమ్మ తలపిన్ను పెట్టేది, పీరా చిరిగిన టిక్కెట్టు, చౌడప్ప ఒక ఎర్ర పట్టుపోగు. ఇంకెవరిదో ఖాళీ మాత్రల రేకు ఒకటి. ఒకరి గుర్తును ఇంకొకరు కదిలించేవాళ్ళు కాదు. జాగ్రత్తగా దాని పక్కనుంచి పేజీ తిప్పేవాళ్ళు. పీరా అయితే ఆ పిన్నును కాసేపు చూసి, క్రాపు సర్దుకుని మరీ చదవడం మొదలుపెట్టేవాడు.

ఇంతలో సెక్రటరీ పరమేశ్వరప్పకు స్థలం కావలసివచ్చింది. ఆయన హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పోటీ పరీక్షల గైడ్లు కొత్తగా వస్తున్నాయి, సాహస నవలల బీరువా ఖాళీ చేయాలి. న్యాయంగానే చేద్దామని, ఒక ఆదివారం సభ్యులందరినీ పిలిచి, హాల్లో నిలబడి అడిగాడు.

"పెన్నలోనే నీళ్ళు లేని ఊరప్పా ఇది. సముద్రపు దొంగల కథలు ఎవరికి కావాల? వీటిని ఎవరూ చదవరు. చదివేవాళ్ళు ఉంటే ఇప్పుడే చెప్పండి, ఉంచేస్తాను."

హోమియోపతి వెనకనుంచి నేను చెవులు రిక్కించాను. సుంకమ్మ గొంతు వినబడుతుందనుకున్నాను. ఆమె ఆ రోజు మొదటి బల్ల దగ్గరే ఉంది. పీరా ఉన్నాడు. చౌడప్ప ఉన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. చదువుతానంటే పుస్తకం ఎక్కడుందో చెప్పాలి, ఎందుకు దాచారో చెప్పాలి. అందరూ ఒకేసారి దినపత్రికల్లోకి తలలు దించుకున్నారు. తుఫానులో ఒంటరిగా చుక్కాని పట్టిన కెప్టెన్‌తో పాటు రోజూ ఊగేవాళ్ళు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ముందు నోరు తెరవలేకపోయారు.

ఆ వారమంతా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉన్నాయని కాదు. పాత కాగితాలను ఏం చేస్తారో నాకు తెలుసు. నీళ్ళలో నానబెట్టి, రుబ్బి, గుడ్లు పెట్టుకునే అట్టలు చేస్తారు. సముద్రాలు దాటించిన నేను కోడిగుడ్లు మోయాలి. చేతుల్లోంచి చేతుల్లోకి పోవడం వేరు, రుబ్బుడులోకి పోవడం వేరు. ఆ రోజుల్లో వాళ్ళు ముగ్గురూ నన్ను గబగబా చదివారు. రెండేసి పేజీలు ఒకేసారి తిప్పారు. ఎవరూ ఏమీ చేయలేదు.

పాత పేపర్ల గోవిందు సంచులతో వచ్చిన రోజు, ర్యాకులన్నీ దులపాలని పరమేశ్వరప్ప పుస్తకాలన్నిటినీ కిందికి దింపించాడు. లైబ్రేరియన్ వన్నూరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కో వరుసా తీస్తోంది. ఈ కబురు ఎలా పాకిందో గాని, బస్సు వదిలేసి పీరా, మగ్గం వదిలేసి చౌడప్ప, వరుసలో బిందె వదిలేసి సుంకమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. సాయం చేయడానికి వచ్చామన్నారు. చేతులు మాత్రం ఎవరూ కదల్చలేదు.

హోమియోపతి కదిలింది. నేను బయటపడ్డాను.

"ఇదేంది ఇక్కడుంది?" అని పరమేశ్వరప్ప నన్ను తీసి వెనక అట్ట తెరిచాడు. ఇంటికి తీసుకెళ్ళిన తేదీ ముద్ర వేసే చీటీ తెల్లగా ఉంది. దాన్ని అందరికీ చూపించాడు. "నేను చెప్పలేదా? ఒక్క ముద్ర లేదు. మనుషులు చదవకపోగా లోపల చెత్త కూడా వేసినారు."

నన్ను రెండు అట్టలూ పట్టుకుని తలకిందులు చేసి దులిపేశాడు.

పిన్ను నేలమీద పడి దొర్లింది. టిక్కెట్టు గాలికి ఎగిరింది. పట్టుపోగు ఎక్కడ పడిందో కనబడలేదు. మాత్రల రేకు గోవిందు కాలిదగ్గర పడింది.

"అయ్యో సార్, ఎంత పని చేస్తిరి" అంది సుంకమ్మ. అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని అప్పటికే ఆలస్యమైంది. "నా పేజీ పాయ."

చౌడప్ప మోకాళ్ళ మీద కూర్చుని నేల తడుముతున్నాడు. "కెప్టెన్‌ను పీపాలో పెట్టి మూత కొట్టినారు సార్. ఇంగా బయటికి రాలే. యాడ చదువుతాంటినో ఏమో."

"చౌడన్నా, చెప్పద్దు చెప్పద్దు, నేను ఆడికి రాలే" అని పీరా చెవులు మూసుకున్నాడు. తర్వాత పిన్ను తీసుకుంటున్న సుంకమ్మను చూసి చెవులు వదిలేశాడు. "అక్కా, ఆ పిన్ను నీదా?"

"నాది గాక నీదా?"

"కాదులే. ఎవరో కాలేజీ పిల్లదేమో అనుకుంటి."

"ఓహో. మీ ఇంట్లో చెప్పల్ల ఈ మాట."

పరమేశ్వరప్ప ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "మొన్న హాల్లో అడిగితే ఒక్కరూ పలకలేదే?"

"దాచింది ఎవరంటే ఏం చెప్పల్ల సార్" అన్నాడు పీరా. "ఈ వయసులో దొంగల కథలేందని మీరే అంటారు."

ఆయన హెడ్మాస్టరు. పాడుచేసిన దాన్ని సరిచేయకుండా వదిలే అలవాటు లేదు. బల్ల దగ్గర కూర్చుని, నన్ను తెరిచి, ఎవరి గుర్తు ఏ పేజీదో అడిగి పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు చెవులు మూసుకోవాలి. చూడడానికి బళ్ళో శిక్ష వేసినట్టుంది. తిప్పుతూ తిప్పుతూ ఆయన ఒకచోట ఆగాడు. ఓడ రేవు వదిలే పేజీ అది. వేళ్ళ మురికితో నల్లబడి, అంచులు చిరిగి, అక్షరాలు సగం అరిగిపోయాయి. చివరికి వెళ్ళి చూశాడు. నిధి దొరికే పేజీ మా అన్నయ్య పేజీలంత తెల్లగా ఉంది.

"ఇదేమి? ఎవరూ ఇక్కడిదాకా పోనేలేదా?"

"పోయినాం సార్, శానాసార్లు" అంది సుంకమ్మ. "నిధి దొరికినాక ఏముంటాది? పంచుకునేది, ఇంటికి పోయేది. ఇంట్లో ఆ పని దినామూ ఉండాది. మళ్ళా ఓడ కదిలే కాడికే వస్తాం."

పరమేశ్వరప్ప పేజీలు వెనక్కి తిప్పి మిగతా గుర్తులూ పెట్టేశాడు. బల్ల మీద మాత్రల రేకు ఒక్కటే మిగిలింది. "ఇది ఎవరిది?" అన్నాడు.

తలెత్తకుండా చెయ్యి చాచింది వన్నూరమ్మ. "నాది సార్. ద్వంద్వయుద్ధం కాడ పెట్టండి."

"మీరు కూడానా? లైబ్రరీ అంతా మీ చేతిలోనే ఉంది. దర్జాగా ర్యాకులోంచి తీసుకుని చదవచ్చు కదమ్మా."

"ర్యాకులోంచి తీస్తే అది డ్యూటీ సార్."

గోవిందు అంతసేపూ సంచి మూతి పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉన్నాడు. లోపల నావంటి నవలలు చాలా ఉన్నాయి. "సార్, అదొక్కటే మిగిలింది. వేసి కట్టేద్దునా?"

పరమేశ్వరప్ప లేచాడు. నేను ఆయన చేతిలో ఉన్నాను. ఆయన సంచివైపు రెండడుగులు వేశాడు. నాలో ఉన్న గాలులన్నీ ఆగిపోయాయి. ఎన్నో తుఫానులు మోశాను గాని అంత నిశ్శబ్దం ఎన్నడూ మోయలేదు. ఆయన గోవిందు దగ్గర ఆగి, సంచి మూతి విప్పి, లోపలున్న నవలల్ని ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టాడు. తీస్తూ ఏదో గొణిగాడు.

"ఏమి సార్?" అంది వన్నూరమ్మ. ఆమెకు మొదటిసారే వినబడిందని నా అనుమానం.

ఆయన వెనక్కి తిరిగాడు. ముఖం ఎర్రబడింది. నలభై ఏళ్ళు బళ్ళో మాట్లాడిన గొంతుతో, వెనక బల్లల దాకా వినబడేలా చెప్పాడు.

"వీటిని ఎవరూ చదవరంటి కదా. తప్పు నాది."