సేటు జేబులో తాళంచెవి

ఓంప్రకాశ్ సేటు బట్టల దుకాణంలో పనిచేసే ఆడపిల్లల బాత్రూంకు ఎప్పుడూ తాళమే. చెవి సేటు జేబులో ఉండేది. కావాలంటే గిరాకీల ముందు నిలబడి అడగాలి. చీరలు చూస్తున్న వాళ్లందరికీ వినబడేలా "ఒంటికా, రెంటికా?" అని అడిగి పకపకా నవ్వేవాడు మహానుభావుడు. ఆ సిగ్గుకు జడిసి పిల్లలు పొద్దంతా గుక్కెడు నీళ్లు తాగేవాళ్లు కాదు. వాళ్లలో ఒకతైన ఆసిమా అలా పదకొండేళ్లు బిగబట్టింది.

చివరికి మూత్రసంచి సాగిపోయి, తనంతట తాను ఖాళీ కావడం మానేసింది. హన్మకొండలో ఒక దవాఖానాలో నర్సు సావిత్రమ్మ ఆమెకు సన్నని గొట్టం పెట్టుకుని రోజుకు నాలుగుసార్లు ఖాళీ చేసుకోవడం నేర్పింది. ఇప్పుడు ఆసిమా అక్కడే కుదిరి, తనలాంటి ఆడవాళ్లకు అదే నేర్పుతోంది. నేర్పిన ప్రతిసారీ సేటును మనసారా తిట్టుకునేది. ఆ తాళంచెవి ఒక్కరోజైనా తన చేతికి రావాలని నమాజు చేసినప్పుడల్లా దువా అడిగేది.

మొన్న సేటే వచ్చాడు, భార్య యమునను వెంటబెట్టుకుని. ఒంటేలు రాక, పొత్తికడుపు ఉబ్బి, ఆమె విలవిలలాడుతోంది. మాస్కు కట్టుకున్న ఆసిమాను ఆయన గుర్తుపట్టలేదు. మొగుడి మీది పగ పెళ్లాం మీద తీర్చుకునేంత నీచురాలు కాదు ఆసిమా. డాక్టరమ్మ చెప్పగానే గొట్టం పెట్టింది. యమునకు ప్రాణం లేచొచ్చింది.

"దుకాణంల గల్లా కాడ కూసుంటే మా ఆయన నన్ను గూడ లేవనియ్యకపోతుండె బిడ్డా," అందామె కళ్లు తుడుచుకుంటూ.

ఆసిమాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం సేటు తలుపు దగ్గరికొచ్చాడు. షుగరు మనిషి, మూడు గంటలుగా వరండాలోనే కూర్చున్నాడు. దారినపోయేవాళ్లు పాడుచేస్తున్నారని అక్కడి బాత్రూంకూ తాళం వేస్తారు. చెవి ఆసిమా గదిలో మేకుకు ఉంటుంది.

"సిస్టర్, జర బాత్రూం చెవి ఇయ్యుండ్రి," అన్నాడు గుసగుసగా.

ఆసిమా మాస్కు కిందికి లాగింది. వరండాలో ఇరవై మంది ఉన్నారు.

"ఒంటికా, రెంటికా సేటూ?" అని గొంతెత్తి అడిగింది.

సేటు మొహం మాడిపోయింది. "ఆసిమా, నువ్వా! జల్ది ఇయ్యమ్మా, ఆగుతలేదు."

"దుకాణంల బాత్రూం చెవి ఇటియ్యి. ఇగ అది పిల్లల దగ్గర్నే ఉంటది."

"రేపు పంపిస్త."

లోపలి నుంచి యమున కేక వేసింది. "ఇయ్యకు బిడ్డా! ఇంకో గంట ఆగనియ్యి. నేను ముప్పై ఏండ్లు ఆగిన."

వరండా అంతా గొల్లుమంది. సేటు గుత్తిలోంచి చెవి ఊడదీసి ఇచ్చి, మేకు మీది చెవి అందుకుని పరుగెత్తాడు. తాళం తీసేలోపే ప్యాంటు తడిసింది. ఆసిమాకు ఇసుమంతైనా జాలి కలగలేదు. కడుపు చల్లబడింది.

గడియారంలో ఒంటిగంట అయింది. ఆసిమా ఆ చెవిని కొంగున ముడివేసుకుని, తన గొట్టం తీసుకుని లోపలికి నడిచింది. తాళంచెవి చేతికొచ్చింది గానీ, తన ఒంటేలు మాత్రం ఇంకా గొట్టంలోంచే రావాలి.