మూడో అక్షరం

హాంబర్గ్‌లోని ఆ వృద్ధాశ్రమంలో మంగళవారం వచ్చిందంటే హెడ్విగ్ బామ్మ బల్ల చుట్టూ జనమే. ఇప్పటివాళ్లకు కొరుకుడు పడని పాత జర్మన్ చేతిరాతను ఆమె గడగడా చదివేస్తుంది. ఆమె నియమం ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క అక్షరం కూడా మింగకూడదు.

ఆ రోజు ఫ్రౌకె అనే అమ్మాయి బడిలో చరిత్ర పాఠం కోసం 1940 నాటి ఉత్తరం ఒకటి తెచ్చింది. బామ్మ చదువుతుంటే రాసుకుంది. పై వాటాలోని యూదు దర్జీ నాజీలు నిషేధించిన లండన్ రేడియోను దొంగచాటుగా వింటున్నాడని పోలీసులకు చాడీ చెప్పిన ఉత్తరం అది.

సంతకం దగ్గర బామ్మ గొంతు ఆగింది.

"ఇది నేనే చదవగలను బామ్మగారూ! హేజె, కదా?" అంది ఫ్రౌకె హుషారుగా.

పక్క బల్ల దగ్గరి కుర్ట్ తాత నవ్వాడు. "చూశావా హెడ్విగ్, నీ పనికి ఎసరు పెట్టేసింది పిల్ల!"

ఆ రాతలో ‘ఈ’ (e) అక్షరానికీ ‘ఎన్’ (n) అక్షరానికీ తేడా వెంట్రుకవాసి. బామ్మ ఊఁ అంటే చాలు, ఆ పాపం ఎవరో హేజె నెత్తిన పడిపోతుంది.

"ఏం చదివావే, నీ మొహం!" బామ్మ కసిరింది. "మూడో అక్షరం ‘ఈ’ కాదు, ‘ఎన్’. హెన్జె. కొట్టేసి మళ్లీ రాయి."

ఫ్రౌకె కొట్టేసి రాసింది. అంతలో ఆమె చూపు బామ్మ స్వెట్టర్ మీది పేరు బిళ్ల మీద పడింది. హెడ్విగ్ హెన్జె. పెన్ను ఆగిపోయింది.

"చూస్తావేం? నాకు ఈ రాత నేర్పింది మా నాన్నే," అంది బామ్మ నడుం నిటారుగా చేసి. "ఒక్క అక్షరం కూడా మింగొద్దని చెప్పిందీ ఆయనే."