వింజామర

పుట్టింట్లో మూడు రోజులుండి మధ్యాహ్నం ఇల్లు చేరిన నసీబ్ కౌర్, సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ఉండే గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఏసీ కింద, గ్రంథం ఉండాల్సిన చోట, ఎత్తైన పరుపు మీద ఓ బాబా కూర్చున్నాడు. ఊళ్లోవాళ్లు ఇరవై మంది నేల మీదున్నారు. కొడుకు గుర్మేజ్ బాబాకు వింజామర వీస్తున్నాడు. గ్రంథానికి తప్ప ఎవరికీ వీచని వింజామర అది.

"గ్రంథ్ సాహిబ్ ఏదిరా?"

"మెల్లగా అమ్మా! బాబాజీ ఎండకు తాళలేరు. సాయంత్రం దాకా పక్కగదిలో గోధుమ బస్తాల మీద పెట్టాం."

"బస్తాల మీదా? పదిమంది గురువుల తర్వాత గురువు గ్రంథమేనని ఉగ్గుపాలతో నేర్పాను కదరా! ఎండకే తాళలేనివాడు నిన్నేం గట్టెక్కిస్తాడు?"

"శాంతించు తల్లీ," అని బాబా చిరునవ్వు నవ్వాడు.

ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది. కాళ్లూ చేతులూ కడుక్కుని, పక్కగదిలోని గ్రంథాన్ని తలకెత్తుకుని వచ్చింది. చూడగానే అందరూ గబగబా లేచి నిలబడ్డారు. గుర్మేజ్ కూడా చేతిలో పని ఆపేశాడు. బాబా ఒక్కడే కదల్లేదు.

ఆమె సరిగ్గా ఆయన ఎదుటికెళ్లి నిలబడింది. బరువుకు మెడ వణుకుతున్నా కదల్లేదు. ఇరవై జతల కళ్లు మెల్లగా బాబా మీదికి తిరిగాయి. చివరికి ఆయన గుర్మేజ్ భుజం పట్టుకుని లేచాడు.

"లేచావుగా, ఇక దిగు," అందామె. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఉతికిన దుప్పటి పరుచు. ఆ వింజామర అక్కడ పెట్టు. నేను బతికుండగా మళ్లీ దాన్ని ముట్టుకోకు."