మూడు పేర్ల బావి

ముబష్షిరా ఆ పూట నాలుగోసారి అదే పేజీ తెరిచి, నాలుగోసారి తల గోక్కుంది. ఒక బావికి ఒక పేజీ. పేజీలో పదకొండు గడులు: బావి పేరు, ఊరు, కొలతలు మొదలైన తేదీ, ముగిసిన తేదీ, కొలిచిన మనిషి, ఇంకా ఇలాంటివే. అడుగున రెండు బాణాలు. ఎడమది నొక్కితే మునుపటి పేజీ, కుడిది నొక్కితే తర్వాతి పేజీ. గడులు నింపడం, బాణాలు దారి తప్పకుండా చూడడం నాలుగేళ్లుగా ఆమె ఉద్యోగం. ఎక్కడో కూర్చున్న శాస్త్రవేత్త కంప్యూటర్లో వెతికితే కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల నేల కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలియాలట. ఆ శాస్త్రవేత్తను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన వెతికాడన్న కబురూ ఎన్నడూ రాలేదు.

ఆఫీసంటే కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మేడ మీద రెండు గదులు. రెండువేల పదమూడు మే నెల. పైకప్పు కాలుతోంది, ఫ్యాను తిరుగుతోందే గాని గాలి ఎవరికి విసురుతోందో తెలియదు. బురఖా తలుపు వెనక మేకుకు తగిలించి, కళ్లద్దాలు ముక్కు కొసకు జారగా ఆమె తెరలోకి వంగి కూర్చుంది. ముప్పై అయిదేళ్లు. మౌసు నొక్కీ నొక్కీ కుడి చూపుడు వేలు కాస్త పక్కకు తిరిగింది. భర్త అజీముద్దీన్ దుబాయిలో ఏసీలు బిగిస్తాడు, కూతురు ఆమినా అయిదో తరగతి. ఆమె పేరు రేషన్ కార్డులో ముబ్షీర్, ఓటరు కార్డులో ముబారక్ బీ, బ్యాంకు పుస్తకంలో షీరా. ముగ్గురూ తానేనని నిరూపించుకోలేక మొన్న ఆధార్ కేంద్రంలో తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు బావులకూ అదే గతి పట్టినట్టుంది. ఎల్లారెడ్డి అవతల మూడు బావులు. తుల్జారాం తండా బావికి ఎనిమిదేళ్ల కొలతలున్నాయి, తర్వాత లేవు. అది ఆగిన పదిహేను రోజులకు ప్రేమ్‌సింగ్ తండా బావి మొదలై పదేళ్లు సాగి ఆగింది. మళ్లీ పదిహేను రోజులకు హరిచంద్ తండా బావి, ఆరేళ్లుగా. మూడింటినీ కొలిచిన మనిషి మాత్రం ఒక్కడే, హరిచంద్. బావులు వంతులేసుకుని చచ్చిపోవడమేమిటో ఆమెకు అంతు చిక్కలేదు. పోనీలే అని వదిలేయడానికీ లేదు. పదిహేనేళ్లకు తక్కువ కొలతలున్న బావుల్ని సాయంత్రం అయిదింటికి జాబితా నుంచి తీసేస్తామని పొద్దున్నే హైదరాబాదు నుంచి మెయిలొచ్చింది. తీసేసినా పేజీ ఉంటుందట, దానికి దారి మాత్రం ఉండదట.

ఆమె పాత రిజిస్టరు తీసి నంబరు వెతికి ఫోన్ చేసింది.

"బాపూ, కామారెడ్డి నీళ్ల ఆఫీసు కెల్లి మాట్లాడుతున్న. తుల్జారాం తండా బావి ఎప్పుడు ఎండింది?"

"బావేడ ఎండింది బిడ్డా? తుల్జారాం సచ్చిపోయిండు."

"మరి ప్రేమ్‌సింగ్ తండా బావి?"

"ప్రేమ్‌సింగ్ గూడ సచ్చిపోయిండు."

"నేనడిగేది బావి సంగతి బాపూ!"

"నేను జెప్పేది గూడ గదే బిడ్డా."

కాసేపటికి గాని చిక్కు వీడలేదు. తండా పెద్దను నాయక్ అంటారు, ఏ నాయక్ ఉంటే ఆ నాయక్ పేరే తండా పేరు. నాయక్ పోతే పేరు మారుతుంది. హరిచంద్ అబద్ధం రాసే మనిషి కాదు, మారినప్పుడల్లా పుస్తకంలో కొత్త పేరు రాశాడు. తండా అదే, బావి అదే. ఆరేళ్లుగా తానే నాయక్ కాబట్టి ఇప్పుడు తన పేరే రాస్తున్నాడు. ఆఫీసువాళ్లు మూడు పేర్లు చూసి మూడు బావులు చేశారు.

"నువ్వు ఒక్కటే అని సంతకం పెట్టి రాసియ్యాలె బాపూ. అయిదు లోపల. లేకుంటే లెక్కలన్నీ పోతయి."

అవతల ఆయన గొణుగుతూ ఏళ్లు లెక్కపెట్టుకోవడం వినిపించింది.

"ఇరవై నాలుగేండ్లయి గదా?" అన్నాడు చివరికి. "ఇప్పుడే బస్సెక్కుతున్న."

ఒంటిగంటకు కరెంటు పోయింది. పోయిన పావుగంటకు మెట్ల మీద ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ హరిచంద్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తలపాగా తీస్తే నెత్తిన అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు, చెవులకు పోగులు, అరచేతుల్లో తాడు ఒరుసుకున్న కాయలు. కుర్చీలో కూలబడి రొమ్ము రాసుకున్నాడు. అటెండరు దేవన్న కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు.

కరెంటు మూడింటికి గాని రాదు. అంతసేపూ ఆయన కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, అక్షరానికొకసారి ఆగి సంతకం పెట్టి, నల్లటి తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

"మా తండోళ్లు యేటేట చెరుకు నరకను పోతరు బిడ్డా. మా ఇంటిది దుర్గి గూడ పిల్లల్ని దీస్కొని పోయేది. నేను పోలే. పదిహేను దినాలకోపారి బావి కొల్వాలె గదా. నీ పెండ్లాం నేనా, బావా అని కొట్లాడేది." నవ్వాడు, నవ్వుతో పాటు దగ్గూ వచ్చింది. "ఒక్కపారి గూడ తప్పలే. పెద్దపిల్ల లగ్గం నాడు గూడ కొల్సిన. అయన్ని ఉత్తగ పోతయా?"

పోవని ఆమె చెప్పాలనుకుంది, చెప్పడానికి తన చేతిలో ఏముందో తెలియలేదు. అందుకని బాణాల సంగతి చెప్పింది. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఎలా పోతారో వేలితో బల్ల మీద గీసి చూపించింది.

"అంటే బాట."

"బాటనే బాపూ."

"మా తండాకు బాట ఎయ్యుండ్రని ఇరవయ్యేండ్ల సంది అడుగుతున్నం. నువ్వొక్క దినంల ఏస్తవా?"

మూడూ పదికి కరెంటొచ్చింది. ఆయన కాగితాన్ని స్కాన్ చేసి జోడించింది. మూడు పేజీల్నీ కలిపే పని మొదలుపెట్టింది. తొందరలో తుల్జారాం తర్వాత హరిచంద్‌నీ, హరిచంద్ తర్వాత ప్రేమ్‌సింగ్‌నీ, ప్రేమ్‌సింగ్ తర్వాత మళ్లీ తుల్జారాంనీ పెట్టింది. కుడి బాణం ఎన్నిసార్లు నొక్కినా గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది. ఎందుకలా అవుతోందో ఆమెకు పాలుపోలేదు. ఆయనే కళ్లు చికిలించి పట్టుకున్నాడు.

"తుల్జారాం ఎనక నేనెట్లొస్త బిడ్డా? ప్రేమ్‌సింగ్ ఇంక బతికే ఉండె గదా."

నాలుక కరుచుకుని సరిచేసింది. ఇప్పుడు మూడూ ఒకే బావి కింద వరసగా నిలిచాయి. పేరు గడిలో హరిచంద్ తండా బావి అని కొట్టింది.

"నేను పోయినంక పేరు మల్ల మారుతది. గప్పుడెట్ల?"

"ఏముంది, నాకు ఫోన్ జెయ్యి బాపూ, మారుస్త."

"నేను పోయినంక నేనే ఫోన్ జెయ్యాల్నా?" అని ఆయన పగలబడి నవ్వాడు. దేవన్నా నవ్వాడు. ముబష్షిరా ముఖం కందిపోయింది. అల్లా, నా నోరు పడిపోను అనుకుంటూ తనూ నవ్వేసింది.

నాలుగుంబావుకు ఆయన లేచాడు. ఎల్లారెడ్డి బస్సు దొరికితే చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు. బస్టాండు దాకా దేవన్న తోడు వెళ్లాడు. ఆమె మిగిలిన గడుల మీద పడింది. ఆ బావి ఇన్నాళ్లూ ఏ ఊరి కిందా లేదు, తండాకు ఊళ్ల పట్టీలో చోటే లేదు. ఆ చిక్కు విప్పేసరికి నాలుగూ నలభై అయింది.

దేవన్న తిరిగొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చేతిలో తువ్వాలు నలుపుతున్నాడు.

"బెంచీ మీద కూసున్నడమ్మా. బస్సెప్పుడొస్తది అన్నడు. ఇగో వస్తది అని నేననేవరకే పక్కకొరిగిండు. అంబులెన్సోళ్లు జూసి పానం లేదన్నరు. ఆయన ఫోన్ల కెల్లే తండాకు జెప్పిన."

ఆమెకు ఒక్క మాటా అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు. పొద్దున ఆ ఫోన్ చేయకపోతే, ఈ ఎండలో రమ్మనకపోతే అని ఒకటే తొలిచేసింది. తెర మీద మాత్రం గడియారం నాలుగూ యాభై నాలుగు చూపించింది.

ఇప్పుడేం చేయాలి? పేరు గడిలో హరిచంద్ తండా అని ఉంది. హరిచంద్ లేడు. కొత్త నాయక్ ఎవరో తండావాళ్లు దినాలయ్యాక గాని తేల్చరు. ఈ క్షణాన ఆ తండాకు పేరే లేదు. పేరు లేని పేజీని కంప్యూటరు ఒప్పుకోదు. ముగిసిన తేదీ అనే గడి ఖాళీగా ఆమెను చూస్తోంది. ఇవాళ్టి తేదీ వేయాలా? ముగిసింది మనిషా, బావా?

నాలుగూ యాభై ఎనిమిదికి చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది. పేరు గడిలోకి వెళ్లి తండా అన్న ఒక్క మాట తుడిపేసింది. హరిచంద్ బావి అని మిగిలింది. ఇక ఏ నాయక్ వచ్చినా, ఏ నాయక్ పోయినా మార్చే పని లేదు. ముగిసిన తేదీ గడిని ఖాళీగా వదిలేసి బటను నొక్కింది. అయిదూ అయిదుకు జాబితా మళ్లీ తెరుచుకుంది. కొన్ని బావులు లేవు. ఆ బావి ఉంది, ఇరవై నాలుగేళ్లతో.

బురఖా కోసం లేచినప్పుడు చూసింది, ఆయన కూర్చున్న కుర్చీ పక్కన గోడకానుకుని ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. విప్పి చూస్తే చుట్టచుట్టిన ఇనుప కొలత టేపు. దాని కొసకు సుద్ద రాసి బావిలోకి దించుతారని, తడిసిన మేర చూసి లోతు లెక్కగడతారని దేవన్న చెప్పాడు. పదిహేను రోజుల లెక్కన ఇవాళ కొలిచే రోజు, కొలిచే వచ్చాడు. మూరెడు తెల్లటి సుద్ద మీద, పొద్దుటి నీళ్లు ఎంతదాకా తాకాయో అక్కడ, ఆరిపోయిన తడి అంచు సన్నని గీతలా నిలిచి ఉంది.