హైదరాబాదుకు ముందు గుడివాడ

హైదరాబాదు రమ్మని నాకు ఉత్తరం వచ్చినప్పుడు మా అత్తయ్య ఇమాంబీ వరండాలో కూర్చుని దిండు కుడుతోంది. మా ఆయన జిలానీ ఆ ఉత్తరాన్ని బిగ్గరగా చదివాడు. టెలిఫోను ఆపరేటరు ఉద్యోగానికి నేను రాతపరీక్ష పాసయ్యాను. మార్చి ఇరవై ఆరున ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఆ రోజు వెళ్ళకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

అత్తయ్య దారాన్ని పళ్ళతో కొరికి, "ఎవరు తీసుకెళ్తారు?" అంది.

తీసుకెళ్ళేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన బందరులో హైస్కూలు సైన్సు మాస్టరు. ఆ వారమంతా టెన్త్ పరీక్షలు, ఆయనకు హాల్లో డ్యూటీ. మామగారు పోయి ఆరేళ్ళయింది. మా నాన్నది అవనిగడ్డ. ఉప్పెన వచ్చి ఏడాది దాటినా ఆయన ఇంకా ఇంటి గోడలు లేపుతూనే ఉన్నాడు.

"నేనొక్కదాన్నే వెళ్తానండీ" అన్నాను.

"ఒక్కదానివా?" అత్తయ్య సూది పక్కన పెట్టింది. "కోనేరు సెంటర్లో రిక్షా పిలవడానికే మొగుడి చొక్కా పట్టుకుంటావు. హైదరాబాదులో ఎవడి చొక్కా పట్టుకుంటావే నఫీసా?"

చొక్కా పట్టుకునేది భయంతో కాదని ఆవిడకు చెప్పలేను. పెళ్ళయి మూడు నెలలే అయింది. ఆ మూడు నెలల్లో నేను ఆ చొక్కాను చాలా కారణాలకు పట్టుకున్నాను.

మూడో రోజు అత్తయ్యే ఒక దారి చెప్పింది. గుడివాడలో ఆవిడ చెల్లెలు లతీఫాకు రెండు బూరుగు దూది దిండ్లు చేరాలి. వాళ్ళు మారిన కొత్త ఇల్లు నేను చూడలేదు. నేనొక్కదాన్నే రైల్లో వెళ్ళి, ఇల్లు వెతుక్కుని, దిండ్లిచ్చి, మధ్యాహ్నం బండికి తిరిగి రావాలి.

"వస్తే అప్పుడు హైదరాబాదు మాట. తప్పిపోయానన్నా, ఎవరో ఏదో చేశారన్నా ఆ ఉత్తరం పొయ్యిలోకే" అంది.

మా ఆయనకు ఇది బ్రహ్మాండంగా నచ్చింది. ఆయన ఏ విషయాన్నయినా ప్రయోగం చేసి చూడాలంటాడు. ఆ సాయంత్రమే వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో గుడివాడ గీశాడు. "ఇదంతా హైదరాబాదనుకో. స్టేషను నాంపల్లి. బస్టాండు అబిడ్స్. ఈ సందులన్నీ పాతబస్తీ." నేను టీ గ్లాసులతో వస్తూ అబిడ్స్ తొక్కాను. ఆయన నా పాదం పైకెత్తి పట్టుకుని, చెరిగిన బస్టాండును మళ్ళీ గీశాడు. కాలు వదలడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసేపే పట్టింది.

తర్వాత ఒక కాయితం మీద నియమాలు రాసిచ్చాడు. కొత్తవాళ్ళకు పేరూ ఊరూ చెప్పరాదు. ఒంటరిగా వచ్చానని తెలియనివ్వరాదు. దారి తెలియనట్టు నడిరోడ్డు మీద నిలబడరాదు. ఎవరైనా వెంట వస్తున్నారనిపిస్తే వాళ్ళకు మనం వెళ్ళే ఇల్లు చూపించరాదు, వాళ్ళతో ఒంటరిగా తలపడరాదు, జనం ఉన్నచోటికి పోవాలి. చివర ఇంకొకటి రాసి కొట్టేశాడు. వెలుతురుకు పెట్టి చూస్తే, 'త్వరగా రావాలి' అని ఉంది.

బయల్దేరే రోజు అత్తయ్య దిండ్లు పాత దుప్పటిలో మూటకట్టి ఇచ్చింది. పన్ను నొప్పిగా ఉంది, పడుకుంటానని గదిలోకి వెళ్ళింది. మా ఆయన వీధి మలుపు దాకా వచ్చాడు. తన చేతి గడియారం తీసి నాకు పెట్టాడు. అది మోచేతి దాకా జారింది. నేను కిందికి లాగాను. మళ్ళీ జారింది. ఇద్దరం నవ్వాం. ఆ మలుపులో మేము పది నిమిషాలు నిలబడ్డాం. ఆ పది నిమిషాల్లో ఇంటి దగ్గర ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది.

ఆడవాళ్ళ పెట్టెలో నాకు కిటికీ పక్కనే చోటు దొరికింది. ఎదురుగా ఎండుచేపల తట్టతో ఒకావిడ కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి, పేరు తాతమ్మ, గిలకలదిండి నుంచి గుడివాడ మార్కెట్టుకు సరుకు తీసుకెళ్తుంది. ఇవన్నీ బండి కదలకముందే ఆవిడే చెప్పింది.

"ఆ మూటేంటి పాపా? దిండ్లా? బళ్ళో పడుకుందామనా?"

"కాదు పిన్నీ, వేరేవాళ్ళకి."

"ఎవరికి? మీదేవూరు? మీ ఆయనేం చేస్తాడు?"

నేను మొదటి నియమం గుర్తు చేసుకుని కిటికీలోంచి బయటికి చూశాను. అడిగినదానికి బదులు చెప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో చిలకలపూడి దాటేలోపే తెలిసింది. తాతమ్మ కోపగించుకోలేదు. "పాపం, పిల్ల పుట్టింటి మీద బెంగ పెట్టుకుంది" అని పక్కావిడకు చెప్పింది. అదీ భరించలేకపోయాను. బండి పెడన చేరేసరికి నా పేరు, మా ఆయన పేరు, ఆయన స్కూలు, హైదరాబాదు ఇంటర్వ్యూ, అత్తయ్య పెట్టిన పరీక్ష, అన్నీ చెప్పేశాను. తాతమ్మ మోకాలి మీద చరుచుకుని నవ్వింది. "మీ అత్త గట్టిదేనే! ఏదన్నా అయితే మార్కెట్లో చేపల వరసకి రా. నా పేరు చెప్పు, చాలు."

అంతకుముందు, బందరులో బండి కదలబోతుండగా ముగ్గురు బురఖావాళ్ళు ఎక్కారు. బండి కదలగానే ఇద్దరు ముసుగులు వెనక్కి వేసుకుని తమలపాకుల డబ్బా తెరిచారు. ఆడవాళ్ళ పెట్టెలో అందరూ చేసే పనే అది. మూడో మనిషి మాత్రం ముసుగు తియ్యలేదు. తలుపు దగ్గర మూలకు ఒదిగి కూర్చుంది.

"బూబమ్మా, ఉక్కగా లేదూ? ముసుగు తీసేయ్. ఇక్కడ మగాళ్ళెవరున్నారు?" అంది తాతమ్మ.

ఆ మనిషి తల అడ్డంగా ఊపింది. ఆ ఇద్దరిలో ఒకావిడ ఉర్దూలో ఏదో అడిగింది. దానికీ జవాబు లేదు. ఆవిడ పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కాస్త జరిగి కూర్చున్నారు.

కవుతరం దగ్గర తాతమ్మ నా వైపు వంగింది. "మొన్నెక్కడో ఒకడు బురఖా వేసుకుని ఆడాళ్ళ పెట్టె ఎక్కాడంట. ఆ భుజాలు చూడు."

చూశాను. వెడల్పాటి భుజాలే. ముసుగు నా వైపే తిరిగి ఉంది.

గుడివాడలో దిగాను. తాతమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ముందే వెళ్ళిపోయింది. నేను దిండ్ల మూట నెత్తిన పెట్టుకుని, దారి తెలిసినదాన్లా నడిచాను. స్టేషను దాటాక చెప్పు సరిచేసుకునే నెపంతో వెనక్కి చూస్తే నల్ల బురఖా ఇరవై అడుగుల దూరంలో ఉంది. రోడ్డు దాటాను, అదీ దాటింది. మళ్ళీ ఇవతలికి దాటాను. అది ఒక సైకిలుకు తగిలి, తూలి, ఇవతలికే వచ్చింది.

నాకు భయం వేసింది. గడియారం మోచేతి దగ్గర ఉన్నా కిందికి లాగాలనిపించలేదు.

లతీఫా చిన్నత్త ఇంటి గుర్తు ఆకుపచ్చ తలుపు, పక్కన పిండిమర. పిండిమర చప్పుడు వినబడుతోంది. తలుపు కూడా కనబడింది. తలుపు తట్టి లోపలికి దూరితే నా పరీక్ష అయిపోయినట్టే. కానీ వెనక వచ్చే మనిషికి ఆ ఇల్లు తెలిసిపోతుంది. చిన్నత్త పగలంతా ఒక్కతే ఉంటుంది. ఆ తలుపు వైపు చూడకుండా దాటి వెళ్ళిపోయాను. ఒక బట్టల కొట్లోకి దూరి రెండు చీరలు విప్పించి చూశాను. మామిడిపండు రంగు చీర చాలా బాగుంది. ఆ సమయంలో కూడా అది బాగుందని నాకు తెలిసింది. కొట్టుకు పక్కసందులోకి ఇంకో గుమ్మం ఉంది. అందులోంచి బయటపడి, చేపల వాసన పట్టుకుని మార్కెట్టుకు వెళ్ళాను.

"పిన్నీ, ఆ బురఖా మనిషి బండి దిగినప్పట్నించి నా వెనకే ఉంది."

తాతమ్మ కాకులను తోలే కర్ర తీసుకుని లేచింది. ఏ వివరమూ అడగలేదు. "పెద్దింట్లమ్మా, కనకదుర్గా, లేవండే" అంది. పక్క తట్టల వాళ్ళిద్దరూ లేచారు. నన్ను తట్టల వెనక కూర్చోబెట్టారు. దిండ్ల మూట మాత్రం తట్టల మీద అందరికీ కనబడేలా ఉండిపోయింది.

కాసేపటికి బురఖా వచ్చింది. నడవడం లేదు, దాదాపు పరుగు. ముగ్గురూ చుట్టుముట్టారు.

"ఆగవే! ఆగరా! ఏదైతే అది, ఆగు!" అంది తాతమ్మ.

"పిల్ల వెనక పడతావా? ముసుగు తియ్!" అంది పెద్దింట్లమ్మ.

కనకదుర్గ ముసుగు పట్టి లాగింది. లోపలి నుంచి కేక వినబడింది. "చిరుగుతుందే, లాగకే! అది నాది కాదు, పక్కింటావిడది!"

ఆ గొంతు నాకు తెలుసు. రోజూ పొద్దున్నే పాలల్లో నీళ్ళ గురించి పాలవాడితో మాట్లాడే గొంతు. నేను తట్టల వెనక నుంచి లేచాను.

"అత్తయ్యా!"

"మీ అత్తా?" అంది తాతమ్మ. కర్ర దించలేదు.

మా ఇంట్లో ఆడవాళ్ళకు బురఖా అలవాటు లేదు. అత్తయ్య పెళ్ళిలో కూడా వేసుకోలేదట. నేను గుర్తుపట్టకూడదని పక్కింటావిడ దగ్గర తీసుకుని, నేను మలుపులో నిలబడి ఉండగా రిక్షాలో స్టేషనుకు వచ్చింది. రైలు కదలగానే ముసుగు తీసేస్తారని ఆవిడకు తెలియదు.

ఆవిడను ఒక ఖాళీ తట్ట బోర్లించి కూర్చోబెట్టాం. పెద్దింట్లమ్మ గోలీసోడా తెచ్చింది. గోలీ నొక్కలేక అత్తయ్య సీసా నాకు అందించింది. రోజుకు నాలుగు పరుపులు కుట్టే చేతులవి.

"బట్టల కొట్టు దగ్గర మాయమయ్యావు" అంది నా వైపు చూడకుండా. "ఎవర్నయినా అడుగుదామంటే, నోరు తెరిస్తే నీకు తెలిసిపోతుంది. మూడు సందులు తిరిగా. ఎటు చూసినా ఒకేలాగున్నాయి. ఎవడో వచ్చి, ఎక్కడికి బీబీ, నేను తీసుకెళ్తా రా, అన్నాడు. వద్దన్నట్టు చెయ్యూపా. వదల్లా. మోచెయ్యి పట్టుకున్నాడే. విదిలించుకుని పరిగెత్తా. చివరికి ఆ దిండ్లు కనబడ్డాయి."

ఎవరూ నవ్వలేదు. తాతమ్మ కర్ర పక్కన పెట్టింది.

సోడా అయిపోయాక అత్తయ్య గొంతు మామూలైంది. "అసలు నువ్వు చేసిందేంటి? పేరు చెప్పొద్దని మావాడు రాసిచ్చాడు కదా. పెడన రాకముందే మీ ఆయన పుట్టుమచ్చలు తప్ప అన్నీ చెప్పావు. రేపు హైదరాబాదు రైల్లోనూ ఇంతేగా? నేను పంపను."

ఆవిడ అన్నది నిజమే.

"బాగుంది!" అంది తాతమ్మ. "ఆ పిల్ల నాకు చెప్పబట్టి నా దగ్గరికొచ్చింది. నువ్వెవరికీ చెప్పలా. వాడు చెయ్యి పట్టుకుంటే ఎవరి దగ్గరికి పోయావు?"

"నీకు చెప్పినట్టే ఎవడికో చెప్తే?"

"ఆడాళ్ళ పెట్టెలో ఎవడుంటాడు బూబమ్మా? నువ్వు తప్ప!"

ఈసారి అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. బురఖా మడతపెట్టింది, ఎక్కడా చిరగలేదని రెండుసార్లు చూసుకుంది.

ఇద్దరం చిన్నత్త ఇంటికి వెళ్ళాం. ఆకుపచ్చ తలుపు దగ్గర అత్తయ్య ఆగింది. "ఈ ఇల్లు దాటే కదా పోయావు నువ్వు? చూళ్ళేదా?"

"చూశానండీ. మీరు వెనకాల ఉన్నారుగా. చిన్నత్త ఒక్కతే ఉంటుందని..."

ఆవిడ దిండ్ల మూట నా దగ్గర్నించి తను అందుకుని తలుపు తట్టింది. చిన్నత్త దిండ్లు నొక్కి చూసి మురిసిపోయింది. ఇద్దరూ ఎందుకొచ్చారని అడిగితే అత్తయ్య, "పన్ను పీకించుకుందామని" అంది.

మధ్యాహ్నం బండి ఆడవాళ్ళ పెట్టెలో అత్తయ్య ముసుగు లేకుండా, చీరకొంగు నడుముకు బిగించి కూర్చుంది. బురఖా ఒళ్ళో ఉంది. కిటికీలోంచి మినప చేలు వెనక్కి పోతున్నాయి. ఇంటికి వెళ్ళాక ఆ ఉత్తరం పొయ్యిలోకి పోతుందా లేదా అని నేను ఆలోచిస్తున్నాను. పోతే మా ఆయన ఏమంటాడు, నేనేమంటాను అని కూడా.

గుడ్లవల్లేరు దాటాక అత్తయ్య గొంతు సవరించుకుని ఎదురుగా ఉన్న తెల్లచీర ఆవిడను పలకరించింది.

"మీదేవూరమ్మా?"

"బందరేనండీ. ఆసుపత్రిలో నర్సుని. కృపమ్మ అంటారు."

"హైదరాబాదులో మీవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"మా చెల్లెలుందండీ. నాంపల్లి స్టేషను దగ్గరే. ఎందుకండీ?"

"పెళ్ళయిందా? మొగుడు మంచివాడేనా? తాగుతాడా?"

"అత్తయ్యా!" అన్నాను.

"నువ్వుండవే." ఆవిడ ముందుకు జరిగి కృపమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. "మా కోడలు నఫీసా. బి.ఏ. చదివింది. ఇరవై అయిదు పొద్దున్నే అక్కడ దిగుతుంది. ఒక్కతే వస్తుంది. మీ చెల్లెలు స్టేషను దగ్గరికి రాగలదా, లేకపోతే ఈ పిల్లే వాళ్ళింటికి పోవాలా? ఇల్లెక్కడో సరిగ్గా చెప్పు."

కృపమ్మ చెబుతోంది, నేను టికెట్టు వెనక రాసుకుంటున్నాను, చోటు చాలడం లేదు. అత్తయ్య అప్పటికే పక్క బెంచీ వైపు తిరిగి, బుట్టలో కోడిపిల్లలతో కూర్చున్న ముసలావిడను అడుగుతోంది. "అమ్మా, మీవాళ్ళెవరన్నా హైదరాబాదులో ఉన్నారా?"