బ్యాండు మాట్లాడిన ముచ్చట

పరశురాం బ్యాండు కొందామనుకున్నడు. ఆయిన అనుకున్నది కర్ర కోసే బ్యాండు మిషను. ఊరు అనుకున్నది పెండ్లి బ్యాండు. ఇగ సూస్కోండ్రి లొల్లి!

పరశురాం పట్నంల సోఫాల కార్ఖానల చానేండ్లు పనిచేసి, ఇగ సాలనుకొని కల్వకుర్తి కాడి తన ఊరికి మర్లొచ్చిండు. బాపు మల్లప్ప గొర్ల కొట్టంల సగం జాగ ఇచ్చిండు. అటు దిక్కు గొర్లు, ఇటు దిక్కు కర్రలు. పిల్లలు నడక నేర్చే మూడు గిర్రల బండ్లు చేస్తడు, రొట్టె పీటలు చేస్తడు. బండ్లకు మంచి పేరొచ్చింది. ఎన్ని చేస్తే అన్ని పంపుమన్నడు నల్లగొండ దుకాణపాయిన. కానీ గిర్రలను చేతిరంపంతోని కోసుడంటే మాటలా? గుండ్రంగ గీసి కోస్తే కోడిగుడ్డు తీరు అస్తాంది. దాన్ని అరగదీసుడుకే పొద్దంత పోతాంది. అందుకే మిషను కావాలె.

ఒకనాడు పొద్దుగాల వాకిట్ల నిలవడి, పాత మిషన్లు అమ్మే అహ్మద్ అలీకి ఫోన్ చేసిండు.

"భాయ్, బ్యాండు ఒకటి తక్కువల ఇప్పియ్యి. కొత్తది నాతోని కాదు, పాతదే సూడు. సప్పుడు మాత్రం ఎక్కువుండొద్దు. ఇంటికాన్నే గదా, పక్కపొంటోళ్లకు ఇనపడొద్దు."

వాకిలి ఊడుస్తున్న తల్లి గుర్వమ్మ చీపురు ఆపింది. గుర్వమ్మకు సగం చెవుడు. ఇనాల్సింది ఇనపడది, ఇనొద్దన్నది మాత్రం మంచిగ ఇనపడ్తది. నలభైకి దగ్గరవడ్డ కొడుకు, పెండ్లి గాలే. అచ్చిన సంబంధాలన్నీ గొర్ల కొట్టం సూసి చాయ్ సుత తాగకుంట లేచిపోయినయి. అసొంటి కొడుకు బ్యాండు మాట్లాడుతాండు! పైంగ పాత బ్యాండట, సప్పుడుండొద్దట, పక్కోళ్లకు తెల్వొద్దట!

"అయ్యో నా కొడకా, దొంగ పెండ్లి చేసుకుంటున్నవారా!" అనుకొని చీపురు ఆడ్నే పారేసి పక్కింటి నర్సింగమ్మ కాడికి ఉరికింది. నర్సింగమ్మకు చెప్పుడు, ఊరంత మైకుల చెప్పుడు ఒకటే. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఊరంత పాకింది.

పాల కేంద్రం కాడ అడిగిండ్రు. "బ్యాండు మాట్లాడినవట గదనే, పిల్లెవలు?"

"పిల్ల లేదు, ఏం లేదు. అది కర్ర కోసే మిషను!"

"అట్లనే చెప్పాలె మల్ల!" అని పకపక నవ్విండ్రు. ఎవడో ఒకడు, "స్వర్ణనే గదా?" అన్నడు. పరశురాంకు చెవులు సుత ఎర్రవడ్డయి. ఆ ఎరుపు సూసి ఊరికి ఇంగ నమ్మకం కుదిరింది.

స్వర్ణంటే బస్టాపు కాడ బట్టలు కుట్టేటామె. పెండ్లైన ఏడాదికే పొసగక విడాకులు తీసుకొని, తల్లింట్ల కుట్టు మిషను పెట్టుకొని మంచిగ బతుకుతాంది. ఎవలకు భయపడది. ఊర్ల తన ఈడు మొగోళ్లందరిని "అన్నా" అనే పిలుస్తది. పాలాయిన అన్న, కరెంటాయిన అన్న, కండక్టరు అన్న. పరశురాంను మాత్రం ఒక్కనాడు అన్నా అనలే. "ఇగో" అంటది, "ఓ మనిషీ" అంటది. ఆ అనని మాట మీదనే పరశురాం పాణమంత పెట్టుకున్నడు. నన్ను చేసుకుంటవా అని అడుగుదామని పోయి, గుండీలు కుట్టియ్యమని చెప్పి వచ్చుడే ఆయిన పని. గట్టిగున్న గుండీలు సుత తెంపుకొని పోయిండంటే సూడుండ్రి మనిషి ధైర్యం!

ఇప్పుడేమో ఊరు ఆమె పేరు తీసింది. పరశురాంకు ఒక్కటే ఫికర్. ఊరి నోరు మూపియ్యాలంటే స్వర్ణకు ఒక్క మాట సాలు. నలుగురిల నిలవడి "పరశురామన్నా" అంటదనుకో. అయిపాయె. ఆ మాట ఒక్కసారి నోట్లకెళ్లి వచ్చిందంటే మల్ల లోపటికి పోదు.

తెల్లారి తమ్ముని ట్రాలీ ఆటో తీసుకొని కల్వకుర్తికి బయలెల్లిండు. బస్టాపు కాడికి రాంగనే స్వర్ణ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇగో, ఆగు. నేను గూడ అస్తున్న. నాకు లైనింగు బట్ట కావాలె. నీకు బేరం రాదు, ఎవడెంతంటే అంతిచ్చి వస్తవ్."

"ఊర్ల ఏదేదో అంటాండ్రు, స్వర్ణా..."

"ఇన్న" అన్నది. గంతే. ఎక్కి కూసున్నది. తొవ్వపొంట మల్ల ఆ ముచ్చటెత్తలే. ఇన్న అంటే ఇని కోపమొచ్చిందా, ఇని నవ్వొచ్చిందా? ఆడ్నించి కల్వకుర్తి దాక పరశురాం ఆటోను గుంతలల్ల దించుకుంటనే పోయిండు.

అహ్మద్ అలీ షెడ్డుల రెండు మిషన్లున్నయి. ఒకటి సామిల్లుకెళ్లి అచ్చింది. మనిషెత్తు కంటె ఎక్కువున్నది, పచ్చరంగు. రెండోది బల్ల మీద పెట్టుకునే చిన్నది, ఎవలో బొమ్మలు చేసేటాయిన అమ్ముకున్నడట.

"రా బావా!" అని పరశురాంను భుజం తట్టి, "దా చెల్లే, కూసో" అని స్వర్ణకు కుర్చీ ఏసిండు అహ్మద్ అలీ. చెల్లె మొగడు బావనే గదా, గట్లనుకున్నడు పాపం. పరశురాం స్వర్ణ దిక్కు మల్లిండు. కాదన్నా, గీయిన నాకేం కాడు అంటదేమోనని సూసిండు. స్వర్ణ కుర్చీల కూసొని, "అన్నా, ముందుగాల మంచినీళ్లియ్యి" అన్నది. అన్న అన్నది అహ్మద్ అలీని.

పరశురాం కండ్లు మాత్రం పెద్ద మిషను మీదనే పడ్డయి. "గిది పెడితె కొట్టానికే అందమొస్తది" అన్నడు.

"అందానికా కొనేది? గిది నడవాలంటె మూడు ఫేజుల కరెంటు కావాలె, ఇంట్ల ఉన్నదా?" అన్నది స్వర్ణ.

లేదు. ఆ సంగతి పరశురాంకు తెలుసు. పెద్ద మిషను సూడంగనే మతిల లేకుంట పోయింది.

స్వర్ణ సంచిలకెళ్లి బట్టల మీద గీసే సుద్దముక్క తీసింది. ఆడ పడున్న కర్ర పలక మీద ఒక్క ఊపుల జాకిటు మెడ గీసింది. కిందికి లోతుగ, అంచులకు వంపు తిరిగిన మెడ. "గీ మెడ కోసి సూపెట్టు. ఏది కోస్తె అదే తీసుకుందం."

పెద్దదాని మీద పెడితె ముందుకు జోరుగనే పోయింది. మెడ వంపు కాడికి రాంగనే దాని ఎడల్పు బ్లేడు మల్లక ఇరుక్కున్నది, కర్ర కమిలి పొగొచ్చింది. "గీ జాకిటు తొడుక్కున్నామె ఏడుస్తది" అన్నది స్వర్ణ. అహ్మద్ అలీ సుత నవ్విండు.

చిన్నదానికి సన్నటి బ్లేడు. మల్లా గీసిన మెడను పరశురాం దాని మీద మెల్లగ తిప్పిండు. గీత ఎటు పోతె అటు పోయింది, వంపు కాడ ఆగలే, వొణకలే. కోసిన ముక్క బల్ల మీద పడంగనే "అబ్బ!" అని ఒర్రిండు పరశురాం. సంతోషంతోని చిన్నపిలగాడైండు. ఎన్ని గిర్రలైనా ఇగ గుండ్రంగనే అస్తయి!

ఇగ స్వర్ణ బేరానికి దిగింది. బ్లేడు తిరిగే చక్రం మీది రబ్బరు అరిగిందన్నది, బెల్టు పాతదన్నది. ఆఖరికి అహ్మద్ అలీ రెండు కొత్త బ్లేడ్లు ఊకెనే ఇచ్చి, "బావా, గీ చెల్లె ఉన్నన్ని దినాలు నిన్నెవ్వడు మోసం చెయ్యడు" అన్నడు. పరశురాం బ్లేడ్లు గట్టిగ పట్టుకున్నడు.

ఊరికొచ్చేసరికి వాకిట్ల జాతర! నర్సింగమ్మ మందినంత జమ చేసింది. "బ్యాండోళ్లేరి?" అని ఆటోల తొంగి సూసింది.

పరశురాం తాడిప్పి, బొంత తీసి సూపెట్టిండు. "గిదే బ్యాండు. నిన్నటిసంది చెప్తనే ఉన్న!"

అందరు నవ్విండ్రు. గుర్వమ్మ మొకం మాత్రం ముడుసుకపోయింది. తల్లి మొకం సూసి పరశురాంకు మస్తు బాధైంది.

కానీ నర్సింగమ్మ ఊకుంటదా? "బ్యాండు సరే. మరి స్వర్ణ ఎందుకు పోయినట్టు? ఏమే పిల్లా, గీ పరశురాం నీకేమైతడే? అన్ననా?"

అందరు స్వర్ణ దిక్కే సూసిండ్రు. పరశురాం నేల సూపులు సూస్తాండు. నిన్నటిసంది దేనికి భయపడ్డడో అదే ఎదురొచ్చి నిలవడ్డది.

స్వర్ణ ఆటో దిగింది, చేతుల ఆ కర్ర మెడ ముక్క. "గుండీలు తెంపుకొని వచ్చెటోడు అన్నెట్లైతడు పెద్దవ్వా?" అన్నది. మందంత గొల్లున నవ్విండ్రు. పరశురాం దిక్కు మల్లి, "ఓ మనిషీ, నీకిష్టమేనా? లేకుంటె ఇప్పుడే అన్నా అననా?"

"అనకు!" అని ఒర్రిండు పరశురాం. ఆ ఒర్రుడుకు కొట్టంల గొర్లన్నీ ఒక్కసారి లేసినయి.

స్వర్ణ నవ్వుకుంట పోయి గుర్వమ్మ చెయ్యి పట్టుకున్నది. "అత్తమ్మా, గీ బ్యాండు నేను ఇప్పిచ్చిన. ఆ బ్యాండు నువ్వు మాట్లాడు. దానికి మాత్రం సప్పుడు మస్తుగుండాలె, పక్కపొంటోళ్లకు ఇనపడాలె."

మెల్లగనే అన్నది. కానీ గుర్వమ్మకు ఏమన్నవ్ బిడ్డా అని మల్ల అడిగే అవుసరమే పడలే. కొంగుతోని కండ్లు తుడుసుకొని, నర్సింగమ్మ దిక్కు గర్వంగ తిరిగింది.

"నేను చెప్పలే? నాకు మంచిగనే ఇనపడ్డది!"