పడవ పద్దు

నేను ఒక రూళ్ళకర్రను. స్కేలును కాదు. స్కేలుకు అంకెలుంటాయి, అంచులుంటాయి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగాలో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. నాకు అవేమీ లేవు. మూరెడు పొడవు, బొటనవేలంత లావు, ఒళ్ళంతా నున్నటి గుండ్రం. కాగితం మీద పెట్టి కొంచెం కొంచెం దొర్లిస్తూ గీస్తే ఎన్ని గీతలైనా ఒకదాన్నొకటి తాకకుండా వస్తాయి. ఈ ఒక్క విద్యతో వెదుళ్ళరేవు పురపాలక సంఘం ఆఫీసులో యాభై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేశాను. ఇంక్రిమెంటు లేదు, బదిలీ లేదు, పింఛను సంగతి అడగనే అక్కర్లేదు.

నా పుట్టుక కూడా ఆ ఆఫీసు పుణ్యమే. ఆరో వార్డులో గోదావరి పాయ ఒడ్డున మునిసిపాలిటీ వాళ్ళు ఒక ప్రాథమిక పాఠశాల కట్టారు. రేవు పక్కనే ఉంది కాబట్టి ఊరంతా దాన్ని రేవు బడి అంటుంది. దానికి పన్నెండు బెంచీలు చేయమని సూరాచారి అనే వడ్రంగికి పురమాయించారు. ఆయన నల్లమద్ది దుంగ తెచ్చి బెంచీలన్నీ చేసి, మిగిలిన ముక్కను తరిమెన మీద తిప్పి నన్ను తీశాడు. బిల్లు కోసం ఆఫీసుకు వస్తూ, వట్టి చేతులతో ఏం బాగుంటుందని నన్ను తెచ్చి ఎకౌంటెంటు బల్ల మీద పెట్టాడు. బిల్లు మూడో రోజుకే పాసైంది. నా బతుకు చిన్న లంచంతో మొదలైందని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. నా తోబుట్టువులు పన్నెండు మందీ బడికి వెళ్ళారు, నేను ఆఫీసుకు వచ్చాను.

మొదటి ఎకౌంటెంటు నాతో గీతలు గీసిన దానికన్నా వీపు గోక్కున్నదే ఎక్కువ. రెండో ఆయన కోపిష్టి. గుమస్తాలు కబుర్లు చెప్పుకుంటుంటే నన్ను బల్ల మీద టకటకా కొట్టేవాడు. ఒకసారి బీరువా కింద తేలును కూడా నాతోనే చంపాడు. నా ఎడమ కొస కాస్త నలిగి ఉండటం అందుకే. మూడో ఆయన గురించి చెప్పడానికేమీ లేదు, మనిషి సీట్లో ఉంటే కదా! నాలుగో ఆయన వనుము భద్రాచలం. ఇరవై ఆరేళ్ళు ఆయన చేతిలో ఉన్నాను. నన్ను వారానికోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. అంత మర్యాద చేసిన మనిషి కాబట్టే ఆయన చేసిన తప్పు నాకు ఎక్కువ బాధ.

ఆ తప్పు చెప్పాలంటే మా ఆఫీసు బడ్జెట్ ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. మా మునిసిపాలిటీ కింద తొమ్మిది బళ్ళున్నాయి. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. మిగతా ఖర్చు, అంటే సుద్దముక్కలు, సున్నం, మరమ్మతులు, ఊడ్చేవాళ్ళ కూలి, అంతా ఊళ్ళో ఇళ్ళ మీద వచ్చే ఆస్తిపన్నులోంచి తీయాలి. ఆ పన్ను ఏటా ఇంతకు మించి పెంచకూడదని పైనుంచి ఒక హద్దు ఉంది. సిబ్బంది జీతాలూ వీధిలైట్ల బిల్లూ ఆ హద్దు ఎరగవు. వాటికి పోగా మిగిలింది బళ్ళకు. అది ఎప్పుడూ చాలదు.

జనవరిలో తొమ్మిది బళ్ళ హెడ్మాస్టర్లూ తమకు కావలసినవి రాసి పంపుతారు. ఫిబ్రవరిలో కౌన్సిల్ కూర్చుని కోస్తుంది. ఒక వార్డు బడికి ఎక్కువ కోసి ఇంకో వార్డు బడికి తక్కువ కోస్తే కౌన్సిలర్లు కుర్చీలు విసురుకుంటారు. అందుకని ఏనాడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి పద్దుకూ ఒకే శాతం తెగ్గొయ్యడం. దాని పేరు సమాన కోత. ఈ సంగతి తెలిసిన హెడ్మాస్టర్లు పదివేలు కావాలంటే పదిహేను వేలు రాస్తారు. కోత పోను పదివేలు మిగులుతుంది. ఎక్కువ రాశారని ఆఫీసుకు తెలుసు, ఆఫీసుకు తెలుసని వాళ్ళకు తెలుసు. భద్రాచలం ప్రతి కాగితం కిందా 'తనిఖీ చేయడమైనది' అని రాసి సంతకం పెట్టేవాడు. ఈ నాటకం ఏళ్ళ తరబడి ఏ పొరపాటూ లేకుండా నడిచింది.

అలాంటి చోటికి దీవెనమ్మ టీచరు వచ్చింది. పల్లెటూరి బడినుంచి బదిలీ మీద రేవు బడికి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. జనవరిలో తన లెక్క తానే తెచ్చి భద్రాచలం చేతికిచ్చింది. ఆ బడిలో పిల్లలు ముప్పై ఒక్కమంది. అందులో పందొమ్మిదిమంది పాయకు అవతల జువ్వలలంక నుంచి వస్తారు. వంతెన చుట్టూ తిరిగి రావాలంటే పదకొండు కిలోమీటర్లు. అందుకని మల్లాడి నూకరాజు అనే అతను పొద్దున పడవ మీద తెచ్చి, సాయంత్రం దించి వస్తాడు. నెలకు అయిదు వేలు, వేసవి నెల పోను పదకొండు నెలలకు యాభై అయిదు వేలు. అది రేవు బడి లెక్కలో మొదటి పద్దు.

భద్రాచలం కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏంటండీ టీచరు గారూ, పడవకి సరిగ్గా యాభై అయిదే రాశారు?"

"అంతే కదండీ అయ్యేది. నెలకి అయిదు చొప్పున."

"అంతేననుకోండి. కానీ మరీ అంత కచ్చితంగా..."

"తక్కువ రాశానేంటండీ?" ఆవిడ కంగారుగా కాగితం వెనక్కి తీసుకోబోయింది. "పడవ ఆగితే లంక పిల్లలు రారండి. పిల్లలు ఇరవైకి తగ్గితే బడి ఎత్తేసి ఇంకో బళ్ళో కలిపేస్తారంట కదండీ. అందుకే రెండుసార్లు లెక్క చూసుకున్నాను."

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ దొర్లించాడు. మాట నోటిదాకా వచ్చిందని ఆ వేళ్ళ కదలికలోనే నాకు తెలిసింది. ఎనభై వేలు రాసి తీసుకురండి అంటే చాలు. కానీ పిల్లలకు నిజం చెప్పమని నేర్పే మనిషికి, మునిసిపల్ ఆఫీసులో కూర్చుని అబద్ధం రాయమని ఎలా చెప్పడం? ఆయనకు మొహమాటం అడ్డొచ్చింది.

"బాగానే ఉందండి," అని కాగితం కింద తనిఖీ చేయడమైనది అని రాశాడు. తొమ్మిది కాగితాల్లో ఆ మాట నిజమైంది ఆ ఒక్కదాని మీదే.

ఫిబ్రవరిలో కౌన్సిల్ హాలుకు నన్నూ ఎర్రసిరా పెన్నునూ పట్టుకెళ్ళాడు. తొమ్మిది బళ్ళూ కలిపి అడిగింది పదమూడు లక్షల డెబ్బై వేలు. బళ్ళకు మిగిలింది తొమ్మిది లక్షల అరవై వేలు. పన్ను హద్దు దాకా పెంచినా ఇంతేనని కమిషనర్ చెప్పాడు. ఆ హద్దు దాకా పెంచడమే ఎక్కువని కౌన్సిలర్లు కేకలేశారు. చివరకు టీలు వచ్చాక అందరూ చల్లబడి, ముప్పై శాతం సమాన కోత అన్నారు. ఎనిమిది బళ్ళకు అది కోతే కాదు. రేవు బడికి మాత్రం రక్తం వచ్చే కోత.

భద్రాచలం సగం లేచాడు.

"అధ్యక్షా, ఆరో వార్డు బడి సంగతి కాస్త..."

"ఏం, దానికేమైనా ప్రత్యేకమా?" అంది చైర్‌పర్సన్.

హాలంతా ఆయనవైపు చూసింది. దానికి ప్రత్యేకమే. అది ఒక్కటే నిజం లెక్క. అయితే ఆ మాట చెబితే మిగతా ఎనిమిదీ అబద్ధాలని చెప్పినట్టు. ఆ ఎనిమిదింటి కిందా ఆయన సంతకమే ఉంది.

"ఏం లేదండి," అని కూర్చున్నాడు.

తర్వాత నన్ను కాగితం మీద పెట్టి, యాభై అయిదు వేల మీద ఎర్రగీత గీసి, పక్కన ముప్పై ఎనిమిది వేల అయిదు వందలు అని వేశాడు. నేను కదల్లేదు కాబట్టి గీత తిన్నగానే వచ్చింది. గీసింది పెన్ను, పట్టింది చెయ్యి, నాదేముంది అని ఆ రోజు సమాధానం చెప్పుకున్నాను. ఆ హాలులో ఉన్నవాళ్ళంతా అలాంటి సమాధానమే చెప్పుకుని ఇళ్ళకు వెళ్ళి ఉంటారు.

ఆ డబ్బు డిసెంబరు మూడో వారానికి అయిపోతుందని దీవెనమ్మ టీచరుకు నవంబరులో లెక్క తేలింది. నూకరాజును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. సున్నం వేయించడానికి ఇచ్చిన నాలుగు వేల రెండు వందలూ పడవకు మార్చమని అడిగింది. భద్రాచలం ఆ పూటే ఫైలు పెట్టాడు. అంత చురుగ్గా ఆయన ఫైలు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఒక పద్దులోంచి ఇంకో పద్దుకు మార్చాలంటే కౌన్సిల్ ఆమోదం కావాలని, తదుపరి సమావేశంలో పెట్టాలని రాసి ఆ ఫైలు వెనక్కి వచ్చింది. తదుపరి సమావేశం జనవరి నెలాఖరుకు.

"అప్పటిదాకా ఎలాగండీ?" అంది ఆవిడ.

నూకరాజు తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "పది రోజులు ఊరికే ఏత్తానండి టీచరు గారూ. పిల్లలు నాకేం బరువండీ? ఆ పైన మాత్రం నా వల్ల కాదండి. రొయ్యల చెరువుల మీద పనికి రమ్మన్నారు. ఇంట్లో తినేవాళ్ళున్నారండి."

అన్నట్టే పది రోజులు డబ్బు లేకుండా గెడ వేశాడు. ఆ తర్వాత చెరువుల మీదికి వెళ్ళిపోయాడు. పందొమ్మిదిమందిలో ఒక్కరూ మళ్ళీ రేవు దాటలేదు. జనవరి నెలాఖరున తనిఖీకి వచ్చినవాళ్ళు బళ్ళో పన్నెండుమందిని లెక్కపెట్టారు. పడవ ఫైలు పెట్టాల్సిన సమావేశం కోరం లేక వాయిదా పడింది. రేవు బడిని మెయిన్ బజారు బడిలో కలిపేస్తూ ఉత్తర్వు మాత్రం ఫిబ్రవరి మొదటి వారంలోనే వచ్చింది. పిల్లలకు పడవ ఇవ్వడానికి లేని తొందర బడి ఎత్తేయడానికి ఎక్కణ్ణించి వచ్చిందో నాకర్థం కాదు.

తాళాలు అప్పగించడానికి దీవెనమ్మ టీచరు చివరిసారి మా బల్ల దగ్గరికి వచ్చింది. తాళాలగుత్తి పెట్టింది, రసీదు తీసుకుంది. వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"నేను ఎనభై వేలు రాయాల్సిందంటండీ? మెయిన్ బజారు మాస్టారు ఇప్పుడు చెప్పారు. మీకు తెలుసా అండీ?"

"తెలుసండి," అన్నాడు భద్రాచలం.

"మరి ఆ రోజు చెప్పలేదేంటండీ?"

ఆయన తాళాలగుత్తి తీసి సొరుగులో పెట్టాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. రసీదు మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళింది. నా యాభై ఎనిమిదేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎన్నో తిట్లు విన్నాను. ఏదీ అంతగా తగల్లేదు.

ఆ వారమే కొత్త బడ్జెట్ చిత్తుప్రతి కంప్యూటర్లోంచి వచ్చింది. పాత పద్దులన్నింటికీ పది శాతం కలిపి అచ్చువేయడం దానికి నేర్పిన విద్య. రేవు బడి పడవ కూలి, నలభై రెండు వేల మూడు వందల యాభై అని వేసింది. బడికి తాళం పడ్డాక పడవకు కూలి పెరిగింది! కమిషనర్ చూసి నవ్వాడు.

"లేని బడికి పడవేంటండీ భద్రాచలం గారూ, కొట్టేయండి."

ఆయన నన్ను తీసుకుని ఆ పద్దు మీద పెట్టాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు. ఎంతసేపైనా గీత పడలేదు. చివరకు నన్ను పక్కకు జరిపేశాడు.

"వెయ్యి రూపాయలు ఉంచుదామండి," అన్నాడు. "పద్దు పూర్తిగా కొట్టేస్తే మళ్ళీ తెరవడానికి సర్కారు దాకా వెళ్ళాలి. పేరుకు వెయ్యి ఉంటే, రేపెప్పుడైనా ఎవరికైనా మనసు పుడితే అందులో డబ్బు వేసుకోవచ్చు."

నెలాఖరుకు రిటైరవుతున్న మనిషి మాట కాదనడం ఎందుకని కమిషనర్ సరేనన్నాడు. ఇరవై ఆరేళ్ళలో భద్రాచలం నన్ను పెట్టి గీయకుండా వదిలేసిన గీత అదొక్కటే. దానికి నేనూ సంతోషించాను. వెళ్ళే రోజు నన్ను నూనె గుడ్డతో తుడిచి సొరుగులో పెట్టాడు. వెంట తీసుకెళతాడేమో అనుకున్నాను. మునిసిపాలిటీ సొత్తు కదా, తీసుకెళ్ళలేదు.

జూన్‌లో ఆ బల్లకు కొత్త కంప్యూటర్ వచ్చింది. పాత రిజిస్టర్లతో పాటు నన్నూ గోడౌనులో పడేశారు. పడటం ఒక బెంచీ మీద పడ్డాను. ఆ నల్లమద్ది చారలు నాకు తెలియకపోవడమేమిటి? రేవు బడినుంచి ట్రాక్టరులో తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చిన పన్నెండు బెంచీలూ అక్కడే ఉన్నాయి. వాటి మీద పిల్లలు మేకుతో గీకిన పేర్లున్నాయి, ఒక గీతా తిన్నగా లేదు. యాభై ఎనిమిదేళ్ళు నేనేం చేశానని ఆ తోబుట్టువులు అడిగితే ఏం చెప్పాలో తెలియక, వాళ్ళ మీద ఊరికే పడి ఉన్నాను.

మొన్న ఫిబ్రవరిలో ఇద్దరు గుమస్తాలు పాత ఫైళ్ళు పడేయడానికి వచ్చి బడ్జెట్ కబుర్లు చెప్పుకున్నారు. పన్ను ఈసారి అసలు పెంచలేదట. బళ్ళకు ఇరవై శాతం సమాన కోతట. ఏ పద్దునూ వదల్లేదని, పడవ పద్దులో ఉన్న వెయ్యిని కూడా ఎనిమిది వందలు చేశారని చెప్పుకుని నవ్వారు.

వాళ్ళు తలుపు వేసి వెళ్ళాక లెక్క కట్టుకున్నాను. నూకరాజు పాత కూలి ప్రకారం ఎనిమిది వందలకు పిల్లలు నాలుగు రోజులు బడికి రావచ్చు.